ఒక అడుగు ఎక్కువ

హాస్టలు, రెండో అంతస్తు
జూన్ 3

అత్తా,

ఉద్యోగంలో చేరి నెల దాటింది. "ఏం పని చేస్తున్నావో రెండు ముక్కల్లో రాయి, మీ నాన్నకి చదివి వినిపిస్తాను" అన్నావు. రెండు ముక్కల్లో కుదరదు. కాస్త ఓపిక పట్టి చదువు.

మా దగ్గర ఆసుపత్రుల ఎక్స్‌రేలు, స్కానింగులు దాచి ఉంచుతారు. కాగితాలు కాదు, యంత్రాల లోపల. ఎక్కడో ఒక డాక్టరు బొమ్మ అడిగితే అది దాచిన చోటి నుంచి ఆయన ముందుకు వెళ్ళాలి. ఆ దారులన్నీ కలిసే కూడలి పెట్టెల్ని స్విచ్‌లంటారు. గోడకుండే లైటు స్విచ్ కాదు. పుస్తకాల పెట్టెంత ఉంటుంది. ముందు వైపు వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో దారమంత గాజు తీగ. ఆ తీగలో వెలుగు పరుగెడుతుంది, వెలుగులో బొమ్మలు వెళ్తాయి. ఇలాంటివి నలభై రెండు ఉన్నాయి.

నా పని వాటి ఆరోగ్యం చూడటం. పెట్టె ఎంత వేడెక్కితే కేక వెయ్యాలి, ఫ్యాను ఎంత నెమ్మదిస్తే వెయ్యాలి, తప్పులు ఎన్ని వస్తే వెయ్యాలి అని ఒక్కోదానికి హద్దులు పెట్టాలి. ఆ హద్దుకి ఇంగ్లీషులో ఒక మాట ఉంది. నిఘంటువులో చూస్తే "గడప" అని ఉంది. నేను నా పట్టికలో అన్నిచోట్లా గడప, గడప అనే రాసుకున్నాను. మా ఇన్‌ఛార్జి చూసి పడీ పడీ నవ్వాడు. "ఇల్లు కడుతున్నావా అమ్మా? పరిమితి అని రాయి" అన్నాడు. సిగ్గేసింది. కానీ నాకు గడపే బాగుంది. ఇవతల ఉన్నంతసేపు అది మనింటి సంగతి. దాటితేనే ఊరికి తెలియాలి.

గది చల్లగా ఉంటుంది. యంత్రాలన్నీ కలిసి ఒకే పాటగా మోగుతుంటాయి. మాట్లాడితే మన గొంతు మనకే దూరంగా వినిపిస్తుంది. నీకైతే అలవాటే.

నువ్వు రాసే ఉత్తరాల్లో ఒత్తులు ఇప్పుడు చక్కగా పడుతున్నాయి. మెచ్చుకున్నానని ఆపెయ్యకు.

నీ మేనకోడలు


ఫ్యాక్టరీ క్వార్టర్లు, కింది వాటా
జూన్ 11

పంతులమ్మా,

నలభై ఏళ్ళ వయసులో నన్ను నీ పాత పలక ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినదానివి, ఒత్తుల గురించి నువ్వు కాక ఇంకెవరంటారు!

నీ ఉత్తరం మీ నాన్నకి రెండుసార్లు చదివాను. మొదటిసారి "అర్థమైందిలే" అన్నాడు. రెండోసారి "గడపలు బిగించడానికి ఇంత చదువెందుకే, వడ్రంగి చెయ్యడా?" అన్నాడు. నీ పని నాకు మాత్రం బాగా అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరు పక్కన నిలబడుతున్నాను. మీటర్లున్నాయి, చూస్తాను. కానీ ముందు చెవి, తర్వాతే కన్ను. బేరింగు ఎండితే ఒక రకం, గ్యాసు తగ్గితే ఇంకో రకం. నా గడపలన్నీ నా చెవుల్లోనే ఉన్నాయి.

ఇక్కడి నుంచి రాసేది మీ నాన్నకి చదవను. నువ్వూ ఎవరికీ చెప్పకు. ఆఫీసు ఫోనుకి చేసి అడగకు, గుమాస్తా పక్కనే ఉంటాడు.

నా పై వాటా డిసెంబరు నుంచి ఖాళీ. ఫోర్‌మన్ వాళ్ళు వెళ్ళిపోయాక తాళం వేశారు. ఆ తాళానికి బూజు పట్టింది, వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చాను. అయినా రెండు నెలలుగా పైన ఎవరో నడుస్తున్నారు.

నేను నడిస్తేనే నడుస్తుంది. పొద్దున పొయ్యి దగ్గరికి వెళితే నా నెత్తి మీదుగా పొయ్యి దగ్గరికి వస్తుంది. సాయంత్రం కిటికీ దగ్గరికి వెళితే కిటికీ దగ్గరికి. నేను ఆగితే ఆగుతుంది. కాకపోతే నేను ఆగాక ఒక అడుగు ఎక్కువ పడుతుంది. ఒక్కటే.

నీకు చిన్నప్పుడు ఐసు ముక్కలిచ్చిన ముసలాయన గుర్తున్నాడా? నాతోపాటే మిషను చూసేవాడు. ఒకరోజు "గంట మోగుతోంది" అన్నాడు. మోగలేదు. వారం తర్వాత మళ్ళీ అన్నాడు. చెవి చెడినవాడు మిషను దగ్గర వద్దని మేనేజరు పంపించేశాడు. ఆయన గేటు దాటేలోపే చెవి కాదు, తల చెడిందన్నారు. ఉద్యోగంతోపాటు క్వార్టరూ పోయింది. నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది.

నా చెవి చెడిందా, తల చెడిందా, నిజంగానే పైన ఎవరైనా ఉన్నారా? చదువుకున్నదానివి, ఏదో ఒకటి తేల్చి చెప్పు. మూడోది నిజమైతే బాగుండునని అనిపిస్తోంది. చూడు, ఎంతదాకా వచ్చానో.

అత్త


హాస్టలు
జూన్ 15

అత్తా,

నీ ఉత్తరం యంత్రాల గదిలో చదివాను. అక్కడ చదవకుండా ఉండాల్సింది. మా దగ్గర ప్రతి స్విచ్‌కీ ఒక జంట ఉంటుంది. ఇటు వరసలో ఒకటి, అటు వరసలో అచ్చం అలాంటిదే ఇంకొకటి. ఇది చేసే పనే అదీ చేస్తుంది. ఒకటి పోతే రెండోది ఆదుకోవాలని అలా పెడతారు. ఇన్నాళ్ళూ ఆ రెండు వరసల మధ్య నుంచి హాయిగా నడిచేదాన్ని. ఇవాళ నడుస్తూ నడుస్తూ ఆగి, ఇంకో అడుగు పడుతుందేమోనని విన్నాను.

నీ తల చెడలేదు. తల చెడినవాళ్ళు చెడిందా అని అడగరు. కానీ నా మాట మీద నమ్మమని చెప్పను, లెక్క మీద నమ్ము.

మా ఇన్‌ఛార్జి మొదటిరోజే ఒక మాట చెప్పాడు. మామూలు ఏదో తెలియకుండా గడప పెట్టకూడదు. ముందు కొన్ని రోజులు ఏమీ సరిచెయ్యకుండా, ఏమీ ముట్టుకోకుండా ఊరికే చూసి రాసుకోవాలి. నువ్వూ అలాగే చెయ్యి. ఒక నోటుబుక్కు తీసుకుని నిలువుగా గీత కొట్టు. ఒకవైపు నీ అడుగులు, రెండోవైపు పైవి. పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. ఏడు రోజులు. అడుగులు మాత్రమే రాయి, నీకేమనిపించిందో రాయకు. అనిపించినవి లెక్కలోకి వస్తే లెక్క పాడవుతుంది.

ఒక్కటి మాత్రం ఒట్టు వేసినంత గట్టిగా చెబుతున్నాను. పైకి వెళ్ళకు. తలుపు తట్టకు.

నీ మేనకోడలు


కింది వాటా
జూన్ 27

పంతులమ్మా,

చెప్పినట్టే చేశాను. ఏడు రోజులు, పద్నాలుగు సార్లు. నావి నలభై ఆరు అయితే దానివి నలభై ఏడు. నావి యాభై రెండు అయితే దానివి యాభై మూడు. ఒకరోజు కావాలని ఇల్లంతా తిరిగాను. నావి నూట ఎనిమిది, దానివి నూట తొమ్మిది. పద్నాలుగు సార్లూ అంతే, ఒక్కటే ఎక్కువ. తల చెడితే ఇంత సరిగ్గా చెడుతుందా?

ముట్టుకోవద్దన్నావు గానీ ఎనిమిదో రోజు ఉండబట్టలేక ఒక పని చేశాను. నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి గాల్లోనే ఉంచాను. గోడ పట్టుకుని లోలోపల వంద లెక్కపెట్టాను. పైన చిన్న చప్పుడు కూడా లేదు. కానీ పైన కూడా ఎవరో కాలెత్తి గోడ పట్టుకుని నిలబడ్డారని నాకు తెలిసింది. ఎలా తెలిసిందని అడగకు. అనిపించినవి రాయొద్దన్నావుగా. నేను కాలు దించాను. పైన దించారు. తర్వాత ఇంకొకటి పడింది.

ఆరోజు మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు.

మర్నాడు క్వార్టర్ల సూపర్‌వైజరు కనిపిస్తే మాటల్లో పెట్టి "పై వాటా ఎవరికైనా ఇస్తున్నారా?" అని అడిగాను. "ఎందుకమ్మా, నీ ఇంట్లో జనం ఎక్కువయ్యారా?" అన్నాడు. "ఉండేది ఒక్కదాన్నేగా" అన్నాను. అంటుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

మిషను దగ్గర మాత్రం చెవి బాగానే ఉంది. మొన్న నీళ్ళ పంపు బేరింగు పోతోందని చెప్పాను. మెకానిక్కు "మీటరు బాగానే ఉంది కదా" అని విసుక్కున్నాడు. విప్పి చూస్తే గోళీలు పగిలి ఉన్నాయి. ఇలాంటి చెవి ఇంటికొచ్చేసరికి ఎలా చెడుతుంది?

మామూలు ఏదో తెలిసింది. ఇక గడప పెట్టు.

అత్త


హాస్టలు
జూలై 2

అత్తా,

నీ లెక్క చూసి మా ఇన్‌ఛార్జి కూడా మెచ్చుకునేవాడు. నేను రాసే పట్టిక కన్నా శుభ్రంగా ఉంది.

నీకు గడపలు ఇవి. ఒక అడుగు ఎక్కువైతే అది మామూలు, పచ్చ, భయపడకు. మూడు దాటి ఎక్కువైతే పసుపు, వెంటనే నాకు రాయి. నువ్వు కూర్చుని ఉండగా పైన నడిస్తే ఎరుపు. అప్పుడు చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగొద్దు, బయటికి వచ్చెయ్, నాన్న దగ్గరికి వెళ్ళు. ఈ గడపలు దాటనంత వరకు దాని గురించి ఆలోచించకు. దానికి తెలిసిన పని అది చేస్తోంది, నీ పని నువ్వు చేసుకో.

నావి నలభై రెండూ పూర్తయ్యాయి. అంతకుముందు రోజుకి ముప్ఫై కేకలు వచ్చేవట, చాలామటుకు ఉత్తుత్తివి. ఇప్పుడు రోజంతా తెర మీద పచ్చ రంగే. "ఈ గది ఇంత ప్రశాంతంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు" అని ఇన్‌ఛార్జి అందరి ముందూ అన్నాడు. మన ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని. ఆ మాట విన్నాక బాత్రూములోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

నీ మేనకోడలు


కింది వాటా
జూలై 24

పంతులమ్మా,

శుభవార్త. నీ గడపలు ఒక్కటీ దాటలేదు. పైగా అడుగులు తగ్గిపోతూ వచ్చాయి. రెండు వారాల కింద నావి యాభై అయితే దానివి నలభై. పోయిన వారం మొదట్లో ముప్ఫై, తర్వాత పద్దెనిమిది, తర్వాత ఆరు. నిన్నా ఇవాళా సున్నా. నోటుబుక్కులో సున్నా చుట్టేటప్పుడు చెయ్యి ఎంత తేలిగ్గా తిరిగిందో!

మొన్న సాయంత్రం పైన ఏదో బరువుగా పడిన చప్పుడైంది. ఒక్కసారే. కిటికీ రెక్క గాలికి కొట్టుకుందేమో. అది అడుగు కాదు కాబట్టి లెక్కలో రాయలేదు.

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గిన్నె కింద పెడితే గిన్నె చప్పుడొక్కటే వినిపిస్తోంది. పొయ్యి దాకా వెళ్ళి ఆగి చూశాను. ఏమీ లేదు. ఎందుకో ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. అలవాటు అంతే.

నా తల బాగుందని ఇప్పుడు ఒప్పుకుంటావా?

అత్త


హాస్టలు
జూలై 25

అత్తా,

ఒప్పుకున్నాను, ఒప్పుకున్నాను! ఉత్తరం ఇవాళ అందింది. పచ్చ, పచ్చ, పచ్చ! ఇక ఆ నోటుబుక్కు పక్కన పడేసి హాయిగా ఉండు. పనికి వేళవుతోంది, మళ్ళీ తీరిగ్గా రాస్తాను.

నీ మేనకోడలు


యంత్రాల గది
జూలై 26, ఉదయం పదకొండు

అత్తా,

ఈ ఉత్తరం మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర నీకే ఇస్తాడు. ఫ్యాక్టరీకి ఫోను చేశాను. "మిషను దగ్గరి నుంచి పిలవడం కుదరదు, విషయం నాకు చెప్పండి" అన్నాడు గుమాస్తా. వాడికి ఎలా చెప్పను? ఇదంతా చదవడానికి ఆగకు. ముందు పై వాటా తాళం తీయించు. తర్వాత చదువు.

ఇవాళ పొద్దున నలభై నిమిషాల పాటు ఏ ఆసుపత్రికీ బొమ్మలు అందలేదు. ఒకచోట ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, స్కానింగు బొమ్మ కోసం డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడట. దేవుడి దయ, ప్రాణానికేమీ కాలేదు. కారణం నేను.

అన్ని దారులూ దాటి వెళ్ళే జంటలో ఒక స్విచ్ పోయింది. ఇవాళ కాదు, తొమ్మిది రోజుల కింద. నా తెర మీద మాత్రం తొమ్మిది రోజులూ పచ్చగానే ఉంది. దాని వేడి ముప్ఫై ఎనిమిది పాయింటు రెండు అని చూపిస్తోంది. ఇన్‌ఛార్జి పాత లెక్కలు తీసి చూపించాడు. తొమ్మిది రోజులుగా ముప్ఫై ఎనిమిది పాయింటు రెండే. పగలూ రాత్రీ, ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. బతికున్న యంత్రం అలా ఉండదు అత్తా. అది చివరిసారి చెప్పిన అంకెని పట్టుకుని తెర అలాగే ఉండిపోయింది. దాని పని జంట ఒక్కటే మోసింది. మోసి మోసి ఇవాళ అదీ ఆగిపోయింది.

అంతకుముందు రెండు వారాల్లో దాని గాజు తీగలో వెలుగు రోజురోజుకీ తగ్గింది. లెక్కలో ఉంది, కానీ కేక పడలేదు. ప్రతిదానికీ రెండు గడపలు పెట్టాలి, పైన ఒకటి, కింద ఒకటి. ఫ్యానుకి కిందిది పెట్టాను, అది ఆగితే వేడెక్కుతుందని తెలుసు కాబట్టి. మిగతావాటికి కిందిది ఖాళీగా వదిలేశాను. తక్కువైతే మంచిదే కదా అనుకున్నాను. అసలు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. ఎక్కువైతేనే భయపడటం నేర్చుకున్నాను, అదే నీకు నేర్పాను.

ఇన్‌ఛార్జి ఆ పాత అంకెలు చదువుతుంటే నాకు నీ ఉత్తరం వినిపించింది. నలభై, ముప్ఫై, పద్దెనిమిది, ఆరు. తర్వాత బరువుగా పడిన చప్పుడు. తర్వాత సున్నా.

దయ్యానికి నీరసం రాదు అత్తా. పైన ఉన్నది మనిషి. నాలుగు రోజులైంది.

పైకి వెళ్ళొద్దని చెప్పింది నేనే. చెబితే నీ ఉద్యోగానికి ముప్పు అని తెలుసు. అయినా చెప్పు.

నీ మేనకోడలు


కింది వాటా
ఆగస్టు 2

పంతులమ్మా,

నీ ఉత్తరంలో మొదటి పేరా గేటు దగ్గర చదివి అట్నుంచి అటే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. మిగతాది రెండు రోజుల తర్వాత చదివాను.

"పై వాటా తాళం తియ్యి" అన్నాను.

"ఏం, చప్పుడవుతోందా?"

"అవట్లేదు. నాలుగు రోజులుగా అవట్లేదు."

నన్ను కింది నుంచి పైకి చూశాడు. "చప్పుడవుతోందని ఫిర్యాదు చేసేవాళ్ళని చాలామందిని చూశానమ్మా. అవట్లేదని చేసేదాన్ని నిన్నే చూస్తున్నాను."

"చూశావుగా. ఇప్పుడు తియ్యి."

తాళం తుప్పు పట్టి రాలేదు. నాకప్పుడు తోచింది, వెనకాల బట్టలారేసే మెట్ల వైపు ఇంకో తలుపు ఉందని. అది ఊరికే తోస్తే తెరుచుకుంది. లోపల నేల అద్దంలా తుడిచి ఉంది. సామాను లేదు. ఒక చాప, ఒక గిన్నె, బిందె. పొయ్యి దగ్గర, సరిగ్గా నేను నిలబడే చోటికి పైన, ఒక ఆడమనిషి పక్కకి తిరిగి పడి ఉంది. బిందె అడుగున కాసిన్ని నీళ్ళు. జ్వరంతో ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఊపిరి ఉంది.

ఆమెని నేను ఎరుగుదును. ప్యాకింగులో పనిచేసేది. పోయినేడాది కొంతమందిని తీసేసినప్పుడు ఈమెనీ తీసేశారు, క్వార్టరు ఖాళీ చేయించారు. వెళ్ళడానికి చోటు లేక డిసెంబరు నుంచి పైనే ఉంది. నేను డ్యూటీలో ఉండగా వెనక మెట్లు దిగి వెళ్ళి ఎక్కడో ఇళ్ళు తుడిచి, నేను వచ్చేలోపు తిరిగి వచ్చేదట. నేను ఇంట్లో ఉన్నంతసేపూ కదలాలంటే భయం. అందుకని నేను నడిస్తేనే నడిచేది. నా అడుగు కింద తన అడుగు దాచుకునేది.

ఆసుపత్రిలో మూడో రోజుకి మాట వచ్చింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. మేనేజరు కూడా వచ్చాడు, పోలీసు కేసు వద్దులే అని చెప్పడానికి. నా వైపు తిరిగి "ఇంత చిన్న చప్పుడు కింది నుంచి విన్నావా? నీ చెవికి దండం పెట్టాలి" అన్నాడు. కాబట్టి మిషను నాదే, క్వార్టరూ నాదే. ఆ భయం తీరింది.

ఆయన వెళ్ళాక ఆమెని అడిగాను. "డిసెంబరు నుంచి ఉన్నావు కదా. నాకు ఏప్రిల్ దాకా ఎందుకు వినపడలేదు?"

"అప్పుడు మీ అడుగూ నా అడుగూ సరిగ్గా కలిసేవి" అంది. "ఏప్రిల్ నుంచి కలపలేకపోయాను. మీ కుడి కాలు ఎప్పుడు ఆనుతుందో తెలిసేది కాదు. ముందు రాపిడి, తర్వాత చప్పుడు. ఇంకా ఒక అడుగు వేస్తారనుకుని నేను వేసేసేదాన్ని. మీరు అప్పటికే ఆగిపోయేవారు." గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ అంది. "రోజురోజుకీ ఆ కాలు ఎక్కువగా ఈడుస్తున్నారు. చెబుదామనుకునేదాన్ని. ఎలా చెప్పను?"

"నాకేం, గుర్రంలా ఉన్నాను" అని నవ్వేశాను.

ఇంటికొచ్చాక ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. ఎడమది కొత్తదానిలాగే ఉంది. కుడిదానికి ముందు వైపు, బొటనవేలి దగ్గర, కాగితమంత పలచగా అరిగిపోయింది. వేలితో నొక్కితే వేలు అవతలికి వచ్చింది.

అత్త